ఉచితోపద్రవం

ఒకపక్క వశిష్ఠ గోదావరి, ఇంకోపక్క బంగాళాఖాతం హద్దులుగా గల అంతర్వేది గ్రామ కాపురస్థుడు, రిటైరైన గృహస్థుడు, ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరుకు సర్వహక్కులూ గల యజమాని అయిన నేను బంధుమిత్రుల సముఖానికి దాఖలు చేసుకుంటున్న మహజరు ఏమనగా: ఉచిత సాఫ్ట్‌వేర్ల మూలంగా నా ఇల్లు గుల్లవుతోంది. తగు విచారణ జరిపించి న్యాయం చేయ ప్రార్థన.

పైసా ఖర్చు లేనిదాంతో ఇల్లెలా గుల్లవుతుందండీ అని అడిగేవాళ్లకు మా ఊరి సంగతి తెలియదన్నమాట. అంతర్వేది దాటితే సముద్రమే; రోడ్డు ఇక్కడితో సరి. ఎక్కడికో పోతూ దారిలో పలకరించి పోదామని మా ఇంటికి ఎవరూ రాలేరు. వచ్చినవాడు పనిగట్టుకుని వచ్చినట్టే. వచ్చాక పూట గడిపినట్టే. మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికీ, భీష్మ ఏకాదశి రథానికీ వచ్చేవాళ్లు కొందరు. నరసాపురం నుంచి పంటు మీద సఖినేటిపల్లి రేవు దాటి, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర సంగమ స్నానానికి వచ్చేవాళ్లు కొందరు. స్నానమవుతుంది, దర్శనమవుతుంది, పనసపొట్టు కూరతో భోజనమవుతుంది. సాయంత్రం పంటు దాకా పొద్దుపోవాలి. అప్పుడు వాళ్ల చూపు మూలనున్న నా కంప్యూటరు మీద పడుతుంది.

“ఇంకా ఇదే వాడుతున్నావా మావయ్యా?” అంటాడొకడు జాలిగా. నాకు గుండె జారుతుంది. ఎందుకంటే తరవాత వచ్చే మాట నాకు కంఠతా వచ్చు: “దీనికన్నా మంచిదుంది. ఫ్రీయే!”

ఈ మహజరులో ముద్దాయిలు సాఫ్ట్‌వేర్లు కావు. వాటిని సిఫార్సు చేసిన పెద్దమనుషులు. వాళ్ల పేర్లు పెట్టడం లేదు. పెడితే అందులో మా ఆవిడ పుట్టింటివాళ్లే ఎక్కువని తేలుతుంది, ఆ కేసు వేరే నడపాల్సి వస్తుంది. అభియోగాలు మాత్రం వరసగా విన్నవించుకుంటాను.

మొదటిది మా అల్లుడుగారి మీద. అల్లుణ్ణి ముద్దాయిని చేయడం మర్యాద కాదు కాబట్టి ఆయన్ను సాక్షి అనుకోండి. కుదించిన ఫైళ్లు విప్పడానికి నా దగ్గర విన్‌రార్ ఉండేది. 40 రోజులు వాడి చూసి తరవాత కొనుక్కోవాలని దాని నియమం. గడువు దాటినా అది పని మానదు. తెరిచినప్పుడల్లా ఒకసారి గుర్తుచేసి ఊరుకుంటుంది. అప్పు అడగడంలో అంత మర్యాద మా ఊరి ఏ కొట్లోనూ లేదు. “ఇలా వాడడం బాగోదు మావయ్యగారూ” అంటూ అల్లుడుగారు దాన్ని తీసేసి 7-జిప్ పెట్టారు. ఇగోర్ పావ్లోవ్ అనే రష్యన్ 1999లో జనం మీదికి వదిలిన సాఫ్ట్‌వేరది. కొనమనదు, గుర్తుచేయదు, విన్‌రార్ ఫైళ్లు కూడా విప్పుతుంది. దానిమీద నాకే ఫిర్యాదూ లేదు. అది బాగా పనిచేయడమే నా కొంప ముంచింది. ఒకటి ఫలించిందని అల్లుడుగారికి ధైర్యం వచ్చి, మిగతా వాటి మీద చెయ్యి వేశారు.

ఫొటోలు చూసుకోవడానికి ఇర్ఫాన్‌వ్యూ వచ్చింది. బోస్నియాలో పుట్టి వియన్నాలో చదువుకున్న ఇర్ఫాన్ స్కిల్యన్ 1996లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేరు ఎంత పాత కంప్యూటరులోనైనా చిటికెలో తెరుచుకుంటుంది, వందల ఫొటోలను ఒక్క దెబ్బకు చిన్నవి చేస్తుంది. కానీ దాని గుర్తు చూశారా? బండి కింద నలిగిన ఎర్రపిల్లి! దాని పక్కనే సినిమాలు చూడడానికి పెట్టిన వీఎల్‌సీ గుర్తు, రోడ్డు మరమ్మతుల దగ్గర పెట్టే నారింజరంగు శంకువు. ఎకోల్ సెంత్రాల్ పారిస్ కాలేజీ కుర్రాళ్లు రోడ్ల మీంచి ఆ శంకువులు పోగేసుకొచ్చేవాళ్లట, అందుకని అదే గుర్తుగా పెట్టుకున్నారు. “పొద్దున్నే కంప్యూటరు తెరిస్తే ప్రమాదమూ, దాని హెచ్చరికా రెండూ కనపడతాయేంటండీ” అని మా ఆవిడ ఆ తెరకు కూడా శుక్రవారం పూట బొట్టు పెడుతోంది.

ఆ కుర్రాళ్ల పని 1996లో మొదలై, 2001 నుంచి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అన్న లైసెన్సు మీద నడుస్తోంది. 2022లో మన దేశంలో కొన్ని నెలలపాటు వీఎల్‌సీ వెబ్‌సైటు తెరుచుకోలేదు. కారణం ముందు చెప్పకుండానే మూసేశారు, వీఎల్‌సీ వాళ్లు లాయరు నోటీసు ఇచ్చాక నవంబరులో తెరిచారు. సైటు మూసినా నా కంప్యూటర్లో ఉన్న వీఎల్‌సీ ఏ అడ్డూ లేకుండా ఆడుతూనే ఉంది. మూసింది దించుకునే చోటునే కానీ దించుకున్న సరుకును కాదు. ఆ సంగతి అమెరికాలో ఉన్న మా బావమరిదికి ఎవరు చెప్పాలి? “గవర్నమెంటు ఆపిందంటే ఏదో ఉంటుంది బావా, తీసెయ్” అని అర్ధరాత్రి ఫోను. తీసేశాను. నవంబరులో మళ్లీ ఫోను: “ఏం లేదట బావా, పెట్టెయ్.” వీఎల్‌సీ నాకు మొదట సిఫార్సు చేసింది ఆయనేనని మనవి.

రెండో అభియోగం మా తోడల్లుడి మీద. నా కంప్యూటరు నెమ్మదించింది. కారణం నాకు తెలుసు: మా ఊరి ఉప్పుగాలికి లోపలి ఫ్యాను తుప్పు పట్టింది. ఈ గాలికి గేటు చువ్వలే ఆగవు, ఫ్యానెంత? తోడల్లుడు మాత్రం నాడి పట్టిన వైద్యుడి ఠీవితో “రిజిస్ట్రీలో చెత్త పేరుకుంది అన్నయ్యా” అని తేల్చి, ఏదో ఉచిత శుభ్రతా యంత్రం దించాడు. దించేటప్పుడు కనిపించిన ప్రతి బొత్తామూ చదవకుండా నొక్కాడు. దాంతో పాటు మూడు సాఫ్ట్‌వేర్లు పిలవని పేరంటానికి వచ్చి కూర్చున్నాయి. ఒకటి నేను వెతికేదాన్ని మార్చి వెతుకుతుంది. ఇంకోటి, నా కంప్యూటర్లో వందల లోపాలున్నాయనీ, డబ్బు కడితే బాగుచేస్తాననీ మూలనుంచి కేకలు వేస్తుంది. ఫ్యాను మాత్రం గరగరమంటూనే ఉంది.

ఉచితమని పేరున్నవన్నీ ఒక్క కోవవి కావని తోడల్లుడికి తెలియదు. ప్రపంచమంతా నమ్మి వాడుకునే శుభ్రతా సాఫ్ట్‌వేరు సీక్లీనర్‌లోకే 2017లో దుండగులు మాల్వేరు జొప్పిస్తే, అది అసలు సైటు నుంచే జనం ఇళ్లకు చేరింది. జనం ఏ సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు అమ్ముకుందని ఉచిత యాంటీవైరస్ ఇచ్చే అవాస్ట్ చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ఇప్పటి విండోస్‌లో వైరస్ కాపలా కంపెనీవాళ్లే పెట్టి ఇస్తున్నారు. ఉన్న కాపలావాణ్ణి చాలనుకుని ఫ్యాను మార్పించమని ఒక్క మాట చెప్పి ఉంటే తోడల్లుడి విలువ పెరిగేది.

మూడో అభియోగం ఆఫీసు పనులకు సంబంధించినది. కొబ్బరి దింపు లెక్కలకూ, అర్జీలకూ నాకొక ఆఫీసు సాఫ్ట్‌వేరు కావాలి. మేనకోడలు లిబ్రెఆఫీస్ పెట్టింది. చిన్న మేనల్లుడు వచ్చి ఓపెన్‌ఆఫీస్ అసలైనదన్నాడు. ఇద్దరూ నా ఎదుటే వాదించుకున్నారు. చరిత్ర చూస్తే ఇద్దరిదీ ఒకే ఇల్లు. జర్మనీలో పుట్టిన స్టార్‌ఆఫీస్‌ను సన్ కంపెనీ 1999లో కొని, ఓపెన్‌ఆఫీస్ పేరుతో ఉచితం చేసింది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొనేసరికి, దాన్ని తయారుచేసేవాళ్లలో చాలామంది బయటికొచ్చి డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకుని, లిబ్రెఆఫీస్ అని పేరు పెట్టుకున్నారు. ఉమ్మడి కుటుంబంలో తమ్ముడు వేరుపడి కష్టపడి పైకొస్తే, అన్న ఇంటిపేరుతో పాత పెంకుటింట్లో ఉండిపోయినట్టయింది. ఇప్పుడు కొత్త మార్పులన్నీ తమ్ముడింట్లోనే జరుగుతున్నాయి కాబట్టి మేనకోడలే గెలిచింది.

గెలిచి వెళ్లిపోయింది. నేను అర్జీ టైపు చేసి ఒక ఆఫీసుకు పంపాను. అక్కడి గుమాస్తాగారు ఫైలు పేరు చివర తనకు అలవాటు లేని మూడక్షరాలు చూసి, ముట్టుకోనన్నారు. భద్రపరిచేటప్పుడు డాక్‌ఎక్స్ రకం ఎంచుకుంటే ఎవరి దగ్గరైనా తెరుచుకుంటుంది. ఎప్పుడూ అదే రకం వాడాలని ఒక్కసారి అమర్చి పెడితే మళ్లీ అడగనే అడగదు. లిబ్రెఆఫీస్ చరిత్రంతా చెప్పిన మేనకోడలు ఆ ఒక్క మాటా చెప్పలేదు.

నాలుగోది తెలుగు అక్షరాల అభియోగం. ఇది కాస్త వివరంగా విన్నవించుకోవాలి. విండోస్ ఎక్స్‌పీ నాటి నుంచీ కంప్యూటర్లో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంటోంది. మాది వశిష్ఠ పాయ, గౌతమి అవతలి పాయ. అయినా గోదావరేగదా అని సర్దుకున్నాను. మా పెద్దమ్మాయికి అది నచ్చలేదు. “నాన్నా, ఎన్నెన్ని ఉన్నాయో చూడు” అంటూ ముందు పోతననూ వేమననూ తెచ్చింది. ఆ రెండూ తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు చేసి పెట్టినవి. భక్తకవీ ప్రజాకవీ వచ్చారు, బాగానే ఉందనుకున్నాను. తరవాత సిలికానాంధ్రవాళ్లు ఉచిత లైసెన్సుతో విడుదల చేసిన ఫాంట్ల మీద పడింది. శ్రీకృష్ణదేవరాయ వచ్చాడు. వెనకే పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, తెనాలి రామకృష్ణ. భువనవిజయం సభంతా నా హార్డుడిస్కులో కొలువుతీరింది. అంతటితో ఆగిందా? గురజాడ, గిడుగు, సురవరం కూడా దిగారు. వాడుకభాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగువారిని ప్రబంధకవుల వరసలో కూర్చోబెట్టడం న్యాయమేనా అని అడిగితే, “అక్షరక్రమంలో ఉన్నాయి నాన్నా, నేనేం చేయను” అంది.

మనవడి అక్షరాభ్యాసం వచ్చింది. కార్డు నేనే తయారుచేశాను. శీర్షిక రామభద్రలో లావుగా, లోపలి మాటలు మండలి ఫాంటులో పొందికగా. తెర మీద చూసి మా ఆవిడ కూడా బాగుందంది. అది చరిత్రలో నమోదు కావాల్సిన సంగతి. పెన్‌డ్రైవులో వేసుకుని దగ్గరి పట్నంలో ఒక ప్రెస్సుకు తీసుకెళ్లాను. అక్కడి కంప్యూటర్లో రామభద్రుడూ లేడు, మండలీ లేదు. ఫైలు తెరిస్తే అక్షరాలన్నీ ఊరూపేరూ లేని ఫాంటులోకి మారి, గీతలు దాటి పారిపోయాయి. సరే, మాటలు తీసుకుని మీ పద్ధతిలో పెట్టుకోండన్నాను. వాళ్లు వాడేది యూనికోడ్ రాకముందు తయారైన పేజీ కూర్పు సాఫ్ట్‌వేరు, దానికి తగ్గ పాత ఫాంట్లు. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల గడుల్లో దాక్కుని ఉంటాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ సొంత గడులున్నాయి. ఒకదాంట్లోంచి తీసి రెండోదాంట్లో అతికిస్తే వచ్చేవి ప్రశ్నార్థకాలు. మనవడి పేరున్న చోట ఆరు ప్రశ్నార్థకాలు వరసగా నిలబడ్డాయి. చివరికి వాళ్లే మళ్లీ మొదటినుంచి కొట్టారు. టైపు కూలి ఇచ్చాను, ఒత్తు పోయిన కార్డులు పంచాను.

పీడీఎఫ్‌గా మార్చి తీసుకెళ్తే ఫాంట్లు ఫైల్లోనే ఒదిగి వెళ్తాయి, ఎక్కడ తెరిచినా కార్డు చెక్కుచెదరదు. లిబ్రెఆఫీస్‌లో దానికి ఒక బొత్తామే ఉంది. కృష్ణదేవరాయల్ని సపరివారంగా దింపిన పెద్దమ్మాయి ఆ బొత్తాము చూపించలేదు.

అయిదోది మా నాన్నగారి క్యాసెట్టు. ఆయన తిరణాళ్ల స్టేజీ మీద పాడిన కృష్ణరాయబారం పద్యాలు, వెనక జనరేటరు రొద. చిన్న మేనల్లుడు ఆడాసిటీ పెట్టి, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాడు. పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్లకు వెంకటేశ్వరస్వామి గుడి. అదే ఊళ్లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేరది. పాట లేకుండా ఉత్త రొద మాత్రమే ఉన్న చిన్న ముక్క దానికి వినిపించి, “ఇదీ రొద” అని చెబితే, మిగతా అంతటా దాన్ని ఏరేస్తుంది. అద్భుతమే. మేనల్లుడు ఉత్సాహంకొద్దీ ఏరివేత చివరిదాకా పెంచి, పాత ఫైలు మీదే భద్రపరిచి, బస్సెక్కాడు. ఇప్పుడు జనరేటరు లేదు, రాగం తోకలూ లేవు. శ్రీకృష్ణుడు నీళ్లలో మునిగి సంధి మాట్లాడుతున్నాడు. అసలు ఫైలును పక్కన దాచి, నకలు మీద కొంచెం కొంచెంగా ఏరాలని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? క్యాసెట్టు ఇంకా ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ మహజరు పోలీసుస్టేషన్లో ఇచ్చేవాణ్ణి.

ఆరోది గృహశాంతికి సంబంధించినది. అమెరికా బావమరిదే మళ్లీ. జగన్నాథ హోర అనే జ్యోతిష సాఫ్ట్‌వేరు పెట్టుకోమన్నాడు. మన తెలుగాయన పి.వి.ఆర్. నరసింహారావుగారు చేసి ఉచితంగా ఇస్తున్నారు. దశలు, వర్గచక్రాలు, పంచాంగం, దాంట్లో లేనిది లేదు. మా ఆవిడ పుట్టిన తేదీ, వేళ కొట్టాను. రోహిణి నాలుగో పాదమంది. ఆవిడ పుట్టినప్పటినుంచీ అందరూ అంటున్నదీ అదే. బావమరిది ఫోనులోనే “అయనాంశ మార్చి చూడు బావా” అన్నాడు. లాహిరి లెక్క తీసి రామన్ లెక్క పెట్టాను. మృగశిర ఒకటో పాదం! ఇన్నేళ్లూ గుళ్లో అర్చన ఎవరి నక్షత్రానికి జరిగినట్టు? మృగశిర అయితే నాకు ఈ పెళ్లి కుదిరేదేనా? మా ఆవిడ రెండో ప్రశ్న మీద చాలాసేపు ఆలోచించడం నాకు నచ్చలేదు. ఈ రెండు లెక్కల మధ్య తేడా దాదాపు డిగ్రీన్నర. నక్షత్రం అంచున పుట్టినవాళ్లకు అటో ఇటో అవుతుంది. మీ పంచాంగం ఏ లెక్క వాడుతుందో అదే పెట్టుకుని ఇక కదపవద్దు అని చెప్పాల్సిన మనిషి, కదపమని చెప్పి ఫోను పెట్టేశాడు.

ఏడోదీ ఆఖరుదీ ఇంజనీరింగ్ చదివిన పెద్ద మేనల్లుడి మీద. విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 పెట్టాలంటే టీపీఎం 2.0 అనే చిప్పు కావాలి. నా కంప్యూటరుకు అది లేదు. “పారేస్తారేంటి మావయ్యా, లినక్స్ ఉండగా!” అని వాడు రంగంలోకి దిగాడు. హెల్సింకీలో చదువుకునే రోజుల్లో లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన కథంతా చెప్పాడు. హైదరాబాదు స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులోనే చేసిన లినక్స్ గురించి చెప్పాడు. నాకు లినక్స్ కొత్త కాదు. ఒకప్పుడు ఉబుంటువాళ్లు అడిగినవాళ్లకల్లా సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు, 2011లో మానేశారు. అప్పట్లో ఇదే మేనల్లుడు నా పేరున తెప్పించినవి ఇప్పటికీ పెరట్లో జామచెట్టుకు వేలాడుతున్నాయి. చిలకలు దగ్గరికి రావు. నా ఇంట్లో ఏ ఫిర్యాదూ లేకుండా పనిచేస్తున్న ఉచిత సాఫ్ట్‌వేరు అదొక్కటే.

వాడు లినక్స్ మింట్ పెట్టాడు. నిజం చెప్పాలంటే కంప్యూటరుకు ప్రాయం తిరిగొచ్చింది. ప్రింటరు మాత్రం మాట్లాడడం మానేసింది. వాడప్పటికే బెంగళూరు చేరాడు. ఫోనులో ఏవో ఆజ్ఞలు చెబుతాడు, నేను నల్ల తెర మీద కొట్టాలి. ఏ ఆజ్ఞ ఏం చేస్తుందో తెలియకుండా, నమ్మకంతో కొట్టుకుపోవాలట. ఇంత నిష్ఠ నాకు సంధ్యావందనంలో కూడా లేదు. ఇంతా చేసి తేలిందేంటంటే, మింట్‌ను కంప్యూటర్లో ఎక్కించకముందే పెన్‌డ్రైవు నుంచి నడిపి, ప్రింటరు, వైఫై, స్పీకర్లు పలుకుతున్నాయో లేదో చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవు లాగేస్తే పాతది పాతగానే ఉంటుంది. వాడికిది తెలుసు. చెప్పలేదు.

అయ్యలారా, ఇదీ నా కేసు. తోడల్లుడు దించినవి తప్ప, ఏడు అభియోగాల్లోనూ సాఫ్ట్‌వేరు నిర్దోషి. సిఫార్సు చేసినవాడు పేరు చెప్పాడు, చరిత్ర చెప్పాడు, ఫ్రీ అని నొక్కి చెప్పాడు. పనికొచ్చే ఒక్క మాట మింగేశాడు. పావ్లోవ్, ఇర్ఫాన్, పారిస్ కుర్రాళ్లు, దేశికాచార్యులుగారు, నరసింహారావుగారు రాత్రింబవళ్లు కష్టపడి చేసి పెట్టారు. వీళ్లలో ఒక్కరూ మా ఇంట్లో విస్తరి వేసుకోలేదు. విస్తళ్లన్నీ సిఫార్సుదార్లవే.

కావున కింది ఉత్తర్వులు జారీ చేయ ప్రార్థన. ఒకటి, తాను కనీసం ఏడాది వాడని సాఫ్ట్‌వేరు ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. రెండు, పాతదాన్ని తీసేయకుండా కొత్తదాన్ని పక్కన పెట్టి చూపించాలి. మూడు, దించుకోవాల్సిన అసలు సైటు చిరునామా కాగితం మీద రాసి గోడకు అంటించాలి. నాలుగు, ఫైలు ఏ రకంలో భద్రపరచాలో, నకలు ఎక్కడ దాచాలో చేయించి చూపించాలి. అయిదు, పంటు ఎక్కాక కూడా ఫోను ఎత్తాలి.

ఆఖరుగా ఒకటి. వీఎల్‌సీ వెనకున్న వీడియోలాన్, లిబ్రెఆఫీస్ నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్, లినక్స్ మింట్, అందరూ విరాళాలు తీసుకుంటారు. నా వంతు నేను పంపుతాను. ఇకమీదట మా ఇంట్లో సాఫ్ట్‌వేరు సిఫార్సు చేయదలచినవాళ్లు, దాన్ని చేసినవాళ్లకు తాము పంపిన విరాళం రసీదు వెంట తెచ్చుకోవాలి. రసీదు చూపిస్తేనే మౌసు ముట్టుకోనిస్తాను.